మూత వెనక నక్షత్రం

శ్రీవారికి,

కొండ మీది మీ ఆవిడ రాస్తున్నది. నేను కులాసా. నా దగ్గు కూడా కులాసాగానే ఉంది, ఇప్పట్లో నన్ను వదిలే ఉద్దేశం దానికి లేనట్టుంది. డాక్టరు దగ్గరికి వెళ్తానంటే మీరు ఫోన్‌లో సరే అన్నారు, వద్దులెండి తగ్గిపోతుందంటే దానికీ సరే అన్నారు. చివరికి నేనే వెళ్ళి మందు తెచ్చుకున్నాను. అక్కడ మీరు, అత్తయ్య, మన పిచ్చుక ముగ్గురూ చల్లగా ఉన్నారని మీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను.

అత్తయ్య అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను, లేకపోతే ఆవిడ మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వరు. వేళకు తింటున్నాను. స్వెట్టర్ వేసుకుంటున్నాను. "అక్కడ కూర్చుని వెలుగు జంటలు లెక్కపెడుతుంది, ఇక్కడ తన జంట ఎలా ఉన్నాడో చూసుకోదా?" అన్నారట. చదివి పగలబడి నవ్వాను. మా ల్యాబు పెద్దాయన పక్కగదిలోంచి వచ్చి ఏమైందని అడిగారు కూడా.

"మన నక్షత్రం ఎంత లావు అమ్మా?" అని పిచ్చుక మీ ఉత్తరం అంచున రాసింది. దానికి ఇలా చెప్పండి. నేనిక్కడ కొలుస్తున్న ఆ నక్షత్రం వెలుగు ధారలా కాదు, చినుకుల్లా పడుతుంది. దూరదూరంగా నిలబెట్టిన రెండు టెలిస్కోపుల్లో ఒకే క్షణంలో ఒక్కో చినుకు పడితే అది ఒక జంట. కాకతాళీయంగా పడేవాటికంటే ఆ జంటలు ఎంత ఎక్కువ పడుతున్నాయో చూస్తే నక్షత్రం వెడల్పు తెలుస్తుంది. జంటలు ఎంత తగ్గితే నక్షత్రం అంత లావన్నమాట. జంటలు బాగా పడ్డాయనే కదా వేసవిలో మనం అంత సంబరపడ్డాం! ఆ ఫలితం అచ్చయితే మన ఊరి కాలేజీలోనే నాకు ఉద్యోగం ఖాయమన్నారు. అది విని పిచ్చుక తన బొమ్మలన్నీ తీసేసి, అల్మరాలో కింది అర "అమ్మది" అని ఖాళీ చేసిపెట్టిందని రాశారు. ఆ మాట దాకా చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టేశానండీ.

ఉద్యోగం ఉత్తర్వు ఎప్పుడొస్తుందని, ఫోన్‌లో ఎందుకు ముభావంగా ఉంటున్నానని అడిగారు. ఆ రెండింటికీ జవాబు ఒకటే. కానీ అది చెప్పాలంటే బిస్కెట్ల డబ్బా దగ్గర మొదలుపెట్టాలి.

నేను సెలవుకు వచ్చినప్పుడు డబ్బా ఖాళీ అయిపోతే మీరు అత్తయ్యనీ పిచ్చుకనీ విడివిడిగా పిలిచి అడిగారు, గుర్తుందా? "పిల్లి తినేసింది నాన్నా" అంది పిచ్చుక. "పిల్లే తినేసిందిరా" అన్నారు ఆవిడ. ఇద్దరు సాక్షులున్నారు, ఇంకేం కావాలి అన్నాను నేను. మీరేమో మీ నెట్‌వర్కుల క్లాసులో ఉన్నట్టే వేలెత్తి, "ఇద్దరూ ఒకే మాట చెబితే సరిపోదు. ముందు ఇద్దరి మధ్యా తీగ ఏమైనా ఉందేమో చూడాలి. అయినా తిన్న పిల్లి మూత కూడా పెట్టి వెళ్ళిందా?" అన్నారు. అత్తయ్య మొహం తిప్పుకుని నవ్వేశారు.

పోయిన నెలలో నా దగ్గరా పిల్లి మూత పెట్టింది.

ఆ సాయంత్రం వాన వెలిసి ఆకాశం తేటపడింది. దగ్గుమందు మత్తులో ఉన్నానేమో, తూర్పు టెలిస్కోపు మూత తీశాను, పడమటిది మరిచిపోయాను. వచ్చి కూర్చుంటే తెర మీద జంటలు బ్రహ్మాండంగా పడుతున్నాయి. "ఇవాళ మన నక్షత్రం మంచి హుషారు మీదుంది" అని పెద్దాయనతో అన్నాను కూడా. కాసేపటికి మళ్ళీ వాన చినుకులు మొదలయ్యాయి. మూత పెడదామని పడమటి దాని దగ్గరికి పరిగెత్తాను. పెట్టే ఉంది. చేత్తో తడిమి చూశాను, బిగించింది బిగించినట్టే ఉంది. ఒక కన్ను మూసే ఉంటే జంటలెక్కడివి?

వెతికితే తెలిసింది. తవ్వే పని తగ్గుతుందని రెండు టెలిస్కోపుల నుంచి వచ్చే తీగలూ ఒకే కాలువలో వేశాం. తూర్పు తీగలో కదలిక పడమటి తీగలోకి కాస్త లీకవుతోంది. యంత్రం పాపం దాన్నే జంట అనుకుంటోంది. వేసవంతా మేము విన్నదాంట్లో నక్షత్రం ఎంతో, తీగల గుసగుసలెంతో ఎవరికీ తెలియదు.

పెద్దాయనతో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. "వ్యాసం అచ్చుకు వెళ్ళిపోనీ అమ్మా. తీగలు వేరుచేసి మళ్ళీ కొలుద్దాం. తేడా వస్తే సవరణ వేసుకోవచ్చు. ఈలోగా నీ ఉద్యోగం నీ చేతికొస్తుంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, ఆయనకు పిచ్చుక సంగతి తెలుసు.

ఇక అసలు సంగతి. వ్యాసం వెనక్కి తీసేసుకున్నాను. కాలేజీకి కూడా ఉన్నది ఉన్నట్టు రాసేశాను. ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు ఇస్తున్నామని వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. అంటే ఇంకో రెండు శీతాకాలాలు నేనిక్కడే. ఇదంతా మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా చేశాను.

అడగాల్సింది. ఏమంటారో తెలుసు కాబట్టే అడగలేదు. నేను "ఇలా చేద్దామనుకుంటున్నానండీ" అంటే చాలు, నా గొంతులో ఏముందో పట్టుకుని మీరు "సరే" అంటారు. మీరు సరే అన్నారు కదా అని నేను ధైర్యం తెచ్చుకుంటాను. మన సంసారమంతా అలాగే నడిచింది. నేను ఈ కొండెక్కిందీ అలాగే. అది మీ మాటేనా, నా మాటే తీగలో తిరిగొచ్చి నాకు వినిపిస్తోందా అని ఇప్పుడు భయమేస్తోంది.

తీగలు విడదీసి మళ్ళీ కొలుస్తున్నాను. జంటలు ఉన్నాయో లేవో అన్నట్టు పడుతున్నాయి. అవి నిజమైతే మన నక్షత్రం నేననుకున్నదానికంటే లావే. పిచ్చుకకు ఆ సంగతి చెప్పండి, సంతోషిస్తుంది. అల్మరా అర సంగతి మాత్రం మీరు సర్దిచెప్పకండి. అది నేనే చెప్పుకోవాలి.

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేయకండి. నా గొంతు వినకముందే మీ మనసులో ఏముందో కాగితం మీద పెట్టి పంపండి. కోపమొస్తే కోపమే రాయండి. వచ్చేయమనిపిస్తే వచ్చేయమనే రాయండి. ఏదైనా చదువుతాను.

సరే అని మాత్రం రాయకండి.

ఇట్లు,
అత్తయ్య లెక్కలో మీ జంట