నాలుగో అంతస్తు కుళాయి

అద్లియా, జూలై 3

ప్లంబరు ముత్తన్నకి బిల్డింగు మేనేజరు వేంకటాచలం వ్రాయునది.

నీళ్ళ బిల్లు చూసి మన అరబ్బు ఓనరు గారు నా మీద విరుచుకుపడ్డారు. మన నాలుగంతస్తుల్లో మనుషులు పనిచేస్తున్నారా, ఏనుగులు స్నానాలు చేస్తున్నాయా అని అడిగారు. మీ అమ్మాయి కళ పురిటికి వెళ్ళాలని సెలవు కాగితం పెట్టావు. వాడకం పావు వంతు తగ్గితేనే దాని మీద నా సంతకం.

ఏం చెప్పాలన్నా కాగితం మీదే చెప్పు. నోటిమాట చెల్లదు. ప్రతి కాగితం ఫైలులో పెడతాను, ఓనరు గారు చూస్తారు.

ఇట్లు,
వేంకటాచలం

తా.క.: నా ఆఫీసు నాలుగో అంతస్తులోనే కదా అని పైకి రాకు. వస్తే మాట్లాడతావు.


పంపురూము, జూలై 9

మేనేజర్ సారుకు కిందికెల్లి ముత్తన్న దండం పెట్టి రాసేది.

కారే వాషర్లన్నీ మార్చిన. ఫ్లష్ ట్యాంకులు సక్కగ చేసిన. ఇగ పెద్ద మందు గూడ వేసిన. గీజర్లన్నీ బంద్ చేసిన. నల్లాలు ఎట్ల తిప్పాలెనో కింది మూడంతస్తులోళ్ళకు నోటితోనే చెప్పిన, బాగుందన్నరు. మీకు గూడ చెప్దామంటె నోటిమాట చెల్లదంటిరి. ఇది చూపిచ్చేటిది సారూ, రాసేటిది కాదు. ఒక్క నిమిషం పైకి రానియ్యుండ్రి.

ఉంట,
ముత్తన్న

తా.క.: కళకు తొమ్మిదో నెల పడ్డది. నా భార్య గౌరవ్వ రోజు ఫోన్ల ఎప్పుడొస్తవని అడుగుతది. ముందు బిల్లు తగ్గాలె, తర్వాత మనవడు పుట్టాలె అంటున్న.


అద్లియా, జూలై 13

ముత్తన్నకి మండుతున్న చేత్తో వేంకటాచలం వ్రాయునది.

నీళ్ళు తగ్గించమంటే కరెంటు తగ్గిస్తావా? అది చాలదని పైపులు తారుమారు చేశావు! వేణ్ణీళ్ళు రావాల్సిన ఎర్ర కుళాయిలో చన్నీళ్ళు వస్తున్నాయని అకౌంట్స్ సత్యకుమారి గారు చెప్పారు. నీలం కుళాయి తిప్పి అరగంట వదిలినా పొగలే! పాతికేళ్ళుగా ఇక్కడ ప్లంబరువి, ఏ గొట్టం ఏదో తెలియదా? రేపే బయటి కంపెనీ వాళ్ళు వచ్చి నాలుగంతస్తుల గోడలూ పగలగొట్టి పైపులు సరిచేస్తారు. నీ సెలవు రద్దు.

కోపంతో,
వేంకటాచలం

తా.క.: కాలిన చోట రాసే మందు ఉంటే లిఫ్టులో పెట్టి పంపు. నువ్వు రాకు.


పంపురూము, జూలై 13

సారుకు ముత్తన్న అన్నం ఇడ్సిపెట్టి రాసేది.

మీ కాళ్ళు మొక్కుత, గోడలు పలగ్గొట్టించకుండ్రి. పైపులు ఎక్కడియి అక్కడనే ఉన్నయి. జూలైల మిద్దె మీది ట్యాంకు పొయ్యి మీది ఎసరు లెక్క ఉడుకుతది. నీలం నల్లాకు ఆ నీళ్ళే వస్తయి. సల్లవడ్తయని అందరు తిప్పి ఇడ్సిపెడ్తరు. ట్యాంకే ఉడుకుతుంటె ఎంతసేపు ఇడిస్తె ఏం లాభం? గీజరేమో ఏసీల ఉన్నది. దాన్ని బంద్ చేస్తె లోపటి నీళ్ళు సల్లగయితయి. అందుకే ఎండకాలం ఎర్ర నల్లానే తిప్పాలె. గింతే ముచ్చట.

కింది మూడు మీటర్లు పావు కంటె ఎక్కువనే తగ్గినయి. నాలుగోది తగ్గలే. రోజు పన్నెండున్నరకు అక్కడ ఒక నీలం నల్లా అరగంట పారుతది. ఎవరిదో నాకెరుకే. ఫైలు ఓనరు చూస్తడు గనుక పేరు రాస్తలేను.

నన్ను పోనియ్యుండ్రి సారూ. కళ పుట్టినప్పుడు గూడ నేను ఈడనే ఉన్న. ఈసారన్న పక్కన లేకపోతె నా పానం ఊకోదు.

ముత్తన్న

తా.క.: పైపుల సందులకెల్లి మాటలు గూడ కిందికి దిగుతయి. ఆ సారు నల్లా ఇడ్సిపెట్టి ఫోన్ల "జయా, వంకాయ కూర అమృతం" అంటుంటడు.


అద్లియా, జూలై 14

ముత్తన్న గారికి వేంకటాచలం నమస్కరించి వ్రాయునది.

అనుభవం అనుభవమే నాయనా! ఇవాళ ఎర్ర కుళాయి తిప్పాను, ప్రాణం లేచొచ్చింది. కంపెనీ వాళ్ళని రావద్దన్నాను. సెలవు కాగితం మీద సంతకం పెట్టాను, రెండు చోట్ల పెట్టాను.

ఆ నాలుగో అంతస్తు మనిషి ఎవరో విచారించాను. మంచి కుటుంబీకుడు. చెయ్యి కడుక్కునే వేళకే భార్య ఫోను వస్తుంది పాపం. ఫైలు వాచ్‌మన్ గదిలో ఉంది, నేనే వెళ్తే బాగోదు. నీ నిన్నటి కాగితం కాస్త తీసెయ్యి. ఇది మాత్రం నోటిమాట అనుకో.

నీ శ్రేయోభిలాషి,
వేంకటాచలం

తా.క.: అది వంకాయ కాదు, కాకరకాయ.


పంపురూము, జూలై 16

మేనేజర్ సారుకు ముత్తన్న పెట్టె సర్దుకుంట రాసేది.

మీ సంతకానికి దండాలు. రేపే విమానం. కాగితం తీద్దామని పోతె ఫైలు లేదు సారూ. గోడలు పలగ్గొట్టాల్నా వద్దా అని ఆ కంపెనీవాళ్ళు ఓనరుకే ఫోన్ చేసిండ్రట. నిన్న మీరు రిఫాల ఉన్న మీ ఇంటికి పోయినంక ఆయన వచ్చి, మన ఉత్తరాలన్నీ తన డ్రైవర్ నాగేంద్రబాబుతోని హిందీల చదివిచ్చుకున్నడు. మీ మొన్నటి ఉత్తరం నకలు గూడ అలవాటుకొద్ది ఫైలుల పెట్టిండ్రు గద, కాకరకాయ కాడ ఇద్దరు నవ్వలేక కూలవడ్డరు.

"ఖలాస్, గోడల ముట్టొద్దు. గలాలీల ఉన్న నా ఇంకో బిల్డింగుల గూడ గిట్లనే చెయ్యాలె" అన్నడు. నాకు ఇంకో నెల సెలవు పెంచిండు. నేనొచ్చేదాక ఎర్ర నల్లా ముచ్చట అన్ని అంతస్తులు తిరిగి మీరే చెప్పాల్నట. కాగితం చెల్లదట, నోటితోనే చెప్పాల్నట.

పోయొస్త,
ముత్తన్న

తా.క.: ఇది రాస్తుంటె పన్నెండున్నర అయింది. పైపుల నీళ్ళ సప్పుడు మొదలైంది. ఇయ్యాల బెండకాయ అంటున్నరు. సారూ, అమ్మగారికి నా నమస్తే చెప్పి నల్లా బంద్ చెయ్యుండ్రి.