ఆరో హోం రన్ వద్దు

మిల్‌బరీ, ఒహాయో
జూన్, 1879

పీబాడీ గారికి, మిల్‌బరీ బేస్‌బాల్ జట్టు ఆటగాడు సైలస్ టటిల్ నమస్కరించి రాయునది.

ఈ ఏడాది హోం రన్లలో అందరికంటే ముందున్నది నేనేనని, అయిదు కొట్టానని మీ పత్రికలో రాశారు. అందులో తప్పేమీ లేదు. కానీ మా కెప్టెన్ డూగన్ గారు పొద్దున్నే గుడ్లు తింటూ దాన్ని జట్టంతటికీ చదివి వినిపించారు. ఆయన దృష్టిలో పెద్దమనిషి అన్నవాడు బంతిని నేలబారుగా తోసి, మొదటి బేసు దగ్గర మర్యాదగా నిలబడతాడు. ఒక్క దెబ్బకే మూడు బేసులూ చుట్టి, బయల్దేరిన చోటికే వచ్చి హోం రన్ అనేవాడు సర్కసువాడు. "ఆరోది కొట్టావంటే నీ పెట్టె నేనే సర్దుతా" అన్నారు. పెట్టె సర్దితే నేను చేరేది మా నాన్న తోళ్ల కార్ఖానాకే. దయచేసి నా పేరు తీసేయండి.

విధేయుడు,
సైలస్

తా.క.: ఆ ముక్క కత్తిరించి మా అమ్మకు పంపాను. అది మాత్రం వెనక్కి రాదు.

* * *

చిరంజీవి సైలస్‌కు,

ఇంత వినయమా! నీ వినయం గురించి శనివారం పత్రికలో బొమ్మతో సహా రెండు కాలమ్‌లు రాశాను. కెప్టెన్లు అలాగే అంటుంటారు, అదంతా ముద్దు. డేటన్ జట్టు కోనోవర్ కూడా అయిదుకు వచ్చేశాడు. నువ్వు తగ్గకు.

శ్రేయోభిలాషి,
అంబ్రోజ్ పీబాడీ

తా.క.: నీ బొమ్మ దొరక్క సెనేటరు గారిది వేశాం. గడ్డం ఆయనది, టోపీ నీది.

* * *

పీబాడీ గారికి, ఇంకా ఉద్యోగంలోనే ఉన్న సైలస్ రాయునది.

నన్ను నిండా ముంచారు. నేను బ్యాటు పట్టగానే జనం మైదానం చివర నిలిపిన బగ్గీలను వెనక్కి లాక్కుంటున్నారు. డూగన్ గారు ఒకసారి బగ్గీలను, ఒకసారి నన్ను చూస్తున్నారు. నాకు ఈ ఆట తప్ప మరేదీ చేతకాదండీ. తోళ్ల వాసన తలుచుకుంటే ముద్ద దిగట్లేదు.

మీ సైలస్

తా.క.: జనం గడ్డం ఏదని అడుగుతున్నారు. పెంచుతున్నాను.

* * *

గడ్డం పెంచుతున్న చిరంజీవికి,

శనివారం డేటన్‌తో ఆటలో కొట్టెయ్! మీ కెప్టెన్‌కి ఘాటుగా ఒక ఉత్తరం రాసి పడేశాను. నాకు జ్వరం, రాలేను. ఏం జరిగిందో నువ్వే రాయి.

పీబాడీ

తా.క.: ఆ ఉత్తరం కింద నీ సంతకం పెట్టాను. నా మాటకు ఆయన దగ్గర విలువ లేదు.

* * *

పీబాడీ గారికి,

'నా' ఉత్తరాన్ని డూగన్ గారు గుడ్లు తింటూనే చదివి, ఆరోది కొడితే అటే పొమ్మని నా పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టించారు.

ఆట చివరికొచ్చేసరికి మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. బంతి చక్కగా వచ్చింది. ఎంత అణచుకున్నా చేతులు ఆగలేదు. బంతి వెళ్లి బగ్గీల కింద దూరింది. నేను మూడో బేసు చేరేసరికి కోనోవర్ గుర్రాల కాళ్ల మధ్య బోర్లా పడుకుని వెతుకుతున్నాడు. ఇంకాస్త పరిగెత్తి బయల్దేరిన చోటు చేరితే ఆరోది అయిపోతుంది. ఆగిపోయాను. వంగి బూటుతాడు కట్టుకున్నాను. జనం ఒకటే గోల. చివరికి బంతి దొరికిన కోనోవరే, "వెళ్లవయ్యా బాబూ, చూడలేక చస్తున్నా!" అని అరిచాడు. వెళ్లలేదు. తర్వాతివాడు అవుటయ్యాడు. ఓడిపోయాం.

మెచ్చుకుంటారనుకుని డూగన్ గారి దగ్గరికెళ్లాను. ఆయన గొంతు పూర్తిగా పోయింది.

"ఎందుకాగావురా?" అన్నారు గుసగుసగా.

"మీరే కదండీ వద్దన్నది!"

"మరి పరిగెత్తరా, పరిగెత్తరా అని గొంతు చించుకున్నది ఎవరనుకున్నావు?"

నాకు ఏడుపొచ్చేసింది. అంత మైదానంలో నేను పరిగెత్తకూడదని కోరుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెట్టె విప్పి బట్టలు మళ్లీ మేకుకు తగిలించుకోమని ఆయనే చెప్పారు.

మీ సైలస్

తా.క.: కోనోవర్ ఆ రోజే ఆరోది కొట్టాడు. పట్టికలో పైన వాడి పేరే వేయండి. నా అయిదు పక్కన, ఆరోది మూడో బేసు దాకా వచ్చిందని చిన్న అక్షరాల్లో వేస్తారా? మా అమ్మ కత్తిరించి దాచుకుంటుంది.