గంట మోగితే టెంకాయలతో వచ్చారు

హనుమంతప్పా,

నువ్వు పోయి ఈ రోజుకి సరిగ్గా ఏడాది. డ్యాము గేట్లెత్తారు, కంప్లిలో ఏరు పెరుగుతోంది. చాకిరేవు బండను నీళ్లు తాకితే గుడిగంట ఆపకుండా కొట్టాలని మన భజన మండలికి నియమం పెట్టావు కదా, పొద్దున్నే కొట్టాను.

ఏటిగడ్డ వీధంతా పిల్లాజెల్లాతో పైకి గుడి దగ్గరికి వచ్చింది, చేతుల్లో టెంకాయలతో!

"ఏందప్పా, హనుమంతప్ప పూజ ఇంత పొద్దున్నే మొదలుపెడితిరే?" అంది గౌరమ్మ.

వరదొస్తోందని నువ్వు బతిమాలినా కదలని జనం, నీ వర్ధంతి అనుకుని కదిలారు. శనివారాల్లో ఇంటింటా ఎత్తిన పిడికెడు బియ్యం వాళ్ల కోసమే పొయ్యి మీద ఉడుకుతోంది.

రానిది నీ భార్య ఈరమ్మ ఒక్కతే. పుట్టి, అదే మన గుండ్రటి బుట్ట పడవ, వేసుకుని పిలవడానికి వెళ్లిన మారెప్పతో, "పాయసం ఇంకా దిగల్యా. ఆయప్ప ఫోటో ముందర పెట్టకుండా యాడికి వచ్చేది?" అందట. నీళ్లు అప్పటికే గడప దగ్గరున్నాయట.

"ఫోటో కోసం జనమంతా కాచుకోనుండారు, పాయసంతో సహా ఎత్తుకోని రమ్మను పో" అని మారెప్పను మళ్లీ పంపాను. అబద్ధమేం కాదు, టెంకాయలున్నాయి కదా.

గంట తాడు గౌరమ్మకిచ్చి ఇది రాస్తున్నాను. ఎరువుల బస్తాలు చూసి అక్షరాలు నేర్చిన చెయ్యి, రాత ఎప్పుడూ వంకరే.

పుట్టి కనబడుతోంది. అద్దాలు తుడుచుకుని చూశాను. తెడ్డేస్తున్న మారెప్ప ఒక్కడే కనబడుతున్నాడు. నీ ఫోటో తడవకుండా ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, ఆమె వంగి కూర్చుందేమో.

ఇంకొంచెం దగ్గరికి రానీ అప్పా.