మా కుళాయికి అత్యవసర చర్చ

రాయపూర్, జూలై 3

యుగంధర్ అన్నయ్య గారికి నమస్కారాలు.

నేను మీ స్నేహితుడు దుర్గారావు గారి భార్యని. ఎదురుగా మాట్లాడాలంటే నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. రెండు నెలలుగా మా కుళాయిలో మురుగు కలుస్తోంది. అత్తయ్యకు పచ్చకామెర్లు. అసెంబ్లీలో అత్యవసర చర్చ అడగొచ్చని టీవీలో విన్నాను. మీరు పనిచేసే ఎమ్మెల్యే గారితో అడిగించండి.

మీ చెల్లెలు,
ఫణిశ్రీ

తా.క.: అత్తయ్యకు లోకమంతా పచ్చగా కనిపిస్తోందట. నా వంట మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తోంది.

జూలై 6

చెల్లెమ్మా,

అత్యవసర చర్చంటే, ఇక్కడివాళ్లు స్థగన్ అంటారు, సభ పనులన్నీ ఆపేయాలి. అందుకు విషయం కొత్తగా జరిగిందై ఉండాలి. ఒక్కటే ఉండాలి. రుజువుండాలి. రెండు నెలల మురుగు పాతది. పైగా నీళ్లు, కామెర్లు రెండు విషయాలు. అయినా ఒక సీసా నీళ్లు పంపు, మా ఎమ్మెల్యే గారు సభాపతి గారికి చూపిస్తారు.

యుగంధర్

తా.క.: శుభ్రంగా పంపు. పెద్దవాళ్ల ముందు పెట్టేది.

జూలై 9

అన్నయ్య గారికి,

సీసా పంపుతున్నాను. సోమవారం ఎర్ర పురుగులు వచ్చాయి. ఇదివరకు తెల్లవే వచ్చేవి కాబట్టి ఇది కొత్త విషయమే. కామెర్ల మాట ఎత్తను. సభ ముగిసేదాకా ఎవరొచ్చినా కళ్లు మూసుకుంటానని అత్తయ్య ఒప్పుకున్నారు.

ఫణిశ్రీ

తా.క.: పెద్దవాళ్లకు పురుగుల నీళ్లు పంపడానికి మనసొప్పలేదు. పాత చీర నాలుగు మడతలు వేసి వడగట్టి, కాచి, చల్లార్చి పోశాను.

జూలై 12

ఎంత పని చేశావమ్మా,

సభాపతి గారు సీసా పైకెత్తి చూసి, ఇంత తేట నీళ్లు మా ఇంట్లో కూడా రావన్నారు. చర్చ లేదు. ఇక ఆదివారం ఎమ్మెల్యే గారే మీ ఇంటికొచ్చి, విలేకరుల ముందు ఆ నీళ్లు తాగి, పుకార్లు ఆపుతారట.

యుగంధర్

తా.క.: మర్యాదలేమీ వద్దన్నారు.

జూలై 15

అన్నయ్య గారికి,

మీరన్నట్టే మర్యాదలేమీ చేయలేదు. గ్లాసు తిన్నగా కుళాయి కిందే పట్టి ఇచ్చాను. ఫోటో సరిగా పడలేదంటే ఇంకో గ్లాసు కూడా తాగారు.

ఫణిశ్రీ

తా.క.: స్టీలు గ్లాసు కదా, ఆయనకేమీ కనిపించలేదు.

జూలై 17

చెల్లెమ్మా,

ఇవాళ ప్రశ్నలన్నీ ఆపేసి అత్యవసర చర్చ పెట్టారు. నిబంధనలన్నీ సరిపోయాయి. కొత్తగా జరిగింది, ఒక్కటే విషయం, రుజువు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటోంది. మూడు గంటలు మాట్లాడి, అన్ని పార్టీలూ ఒక్కమాట మీద తేల్చాయి. ఇకపై సభ్యులెక్కడికెళ్లినా సీసా నీళ్లు ప్రభుత్వమే పంపాలి. అత్తయ్య జాగ్రత్త. ఆ చీర పారేయకు.

యుగంధర్

తా.క.: మీ కుళాయి సంగతి కూడా కనుక్కున్నాను. అది పాత విషయమట.