షిరాకి టీచరును మార్చమని మనవి

ఉప ప్రధానోపాధ్యాయులు గారికి,

మా మూడో తరగతిలో నా పక్కన సహాయ టీచరుగా వేసిన షిరాకి గారిని వేరే తరగతికి మార్చమని మనవి. ఆవిడ మీద నాకు కోపమేమీ లేదు.

వచ్చిన వారంలోనే ఆవిడ పాత టెన్నిస్ బంతులు కోసి, కుర్చీల కాళ్లన్నిటికీ తొడిగించారు. కుర్చీ కీచుమంటే చాలు, చెవులు మూసుకుని బల్ల కింద దూరే మా క్లాసు పిల్ల నగిసా, ఇప్పుడు సాయంత్రం దాకా కుదురుగా కూర్చుంటోంది. పదిహేనేళ్లుగా "చప్పుడు చేయకండర్రా" అని గొంతు చించుకున్నది మాత్రం నేను. మొన్న నగిసా వాళ్లమ్మ వచ్చి ఆవిడకు మూడుసార్లు నడుం వంచి నమస్కరించింది. నాకు ఒక్కసారే, అదీ వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

లెక్కపెట్టాననుకోకండి. కంటబడింది.

నిన్న షిరాకి గారు సెలవు. మాటలు రాని నగిసా లెక్కల క్లాసులో బల్లమీద రెండుసార్లు తట్టింది. అల్లరనుకుని కసిరాను. పక్కనున్న చిహారు లేచి, "బయట కాసేపు కూర్చుంటానంటోంది టీచర్! షిరాకి టీచర్ మీకు చెప్పలేదా?" అంది. తరగతంతా నావైపే చూసింది.

చెప్పబోయారు, నాలుగుసార్లు. "తర్వాత చూద్దాంలెండి" అని నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నది నేనే.

కాబట్టి ఆవిడను మార్చండి. కానీ కాస్త ఆలస్యంగా మార్చండి. ఇవాళ నగిసా నావైపే చూస్తూ మూడుసార్లు తట్టింది. అదేమిటో ఆవిడకే తెలుసు. అడగడానికి నాకింకా నోరు రాలేదు.

ఇట్లు,
నగిసా క్లాసు టీచరు, నేనే.