వచ్చే ఉగాదికి దిద్దబడును

కరీంనగర్

మహమూద్ భాయ్‌కి, సదానందం సలాములు.

నీకు ఎప్పుడు ఫోన్ చేసినా బిజీ. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్లుగా ప్రతి ఉగాదికి నేను 'పల్లె దర్శిని' అచ్చు వేయడం, చెన్నూరులో నువ్వు అమ్మడం. అంగడి రోజులు, బస్సుల వేళలు, పశువుల డాక్టర్లు, కోత మిషన్లవాళ్ల నంబర్లు, రైతుకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. కొనేవాళ్లే లేరు. అందుకని ఈ ఏడు పుస్తకం బందు పెట్టి అంతా వెబ్‌సైటులోకి ఎక్కించాను. మా చెల్లెలి కూతురు అలేఖ్య తయారుచేసింది. ప్రూఫు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, నేనే మూడుసార్లు చూశాను.

పుస్తకం లేకపోతే నీ దుకాణం ఎట్లా నడుస్తుందని చాలా ఆలోచించాను. ఏమీ తోచలేదు.

కొత్త వ్యాపారంలో పాత మనిషి,
సదానందం

తా.క.: మన దర్శినిని ఇప్పుడు దుబాయిలో ఉన్నవాడు కూడా చూడవచ్చట. మన అంగడి ఏ రోజైతే వాడికెందుకని అలేఖ్యను అడిగి మాటపడ్డాను.

*

చెన్నూరు

సదానందం అన్నకు, తమ్ముడు మహమూద్ ఆదాబ్.

ఫోన్ ఎందుకు బిజీగా ఉందో చెబుతాను. మీ సైటులో కోత మిషన్ రాయమల్లు పేరు పక్కన నా నంబరు పడింది. యాసంగి వరి కోతకొచ్చింది. తెల్లవారకముందే ఫోన్లు మొదలవుతున్నాయి. తప్పు నంబరంటే ఎవరూ నమ్మరు. ఒకాయన, "దర్శినిల పడ్డంక తప్పెట్లయితది? మా ఊరికి వచ్చుడు ఇష్టం లేకుంటే లేదని చెప్పు" అని అలిగి పెట్టేశాడు. దర్శినిలో ఉంటే రాతి మీద గీతే అని ఇన్నేళ్లూ చెప్పి అమ్మింది నేనే, ఎవరిననాలి.

జర తొందరగా దిద్దించండి. దుకాణంలో ఇక నోటుబుక్కులు, పెన్నులే మిగిలాయి. బడులు తెరిచేదాకా అవి కదలవు. ఈ ఎండాకాలం ఇల్లు ఎట్లా గడుస్తుందోనని భయంగా ఉంది అన్నా.

మీ నోటుబుక్కుల తమ్ముడు,
మహమూద్

తా.క.: నేను నమాజుకు పోతే మీ మరదలు ఖాజాబీ ఫోన్ ఎత్తుతోంది. నిన్న ఎవరినో "ఎన్ని ఎకరాలు?" అని అడుగుతుంటే విన్నాను.

*

కరీంనగర్

మహమూద్ భాయ్,

తప్పు నాదే. మూడుసార్లు చూసిన ప్రూఫులోనే తప్పు పడుతుందని ఈ వృత్తిలో చేరిన కొత్తలోనే తెలుసుకున్నాను. మూడుసార్లు చూడటం మాత్రం మానలేదు.

ఫికర్ చేయకు. తప్పొప్పుల పట్టిక వేయించాను. సైటు తెరవగానే నెత్తిన ఎర్రక్షరాల్లో కనిపిస్తుంది: "కోత మిషన్ల పేజీలో నాలుగవ వరుసలో రాయమల్లు నంబరుకు బదులు చెన్నూరు మహమూద్ నంబరు పడినది. పాఠకులు గమనించగలరు. వచ్చే ఉగాదికి దిద్దబడును." పక్కనే నీ నంబరు లావుగా ఇచ్చాను. ఏది తప్పో జనానికి తెలియాలి కదా.

అలేఖ్య, "మామా, గిది ఒక్క నిమిషంల మార్చొచ్చు" అంటుంది. చెప్పాపెట్టకుండా మార్చేస్తే నిన్న చదివిపోయినవాడి గతేమిటని అడిగాను. తల పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

దిద్దుబాటులో దిట్ట,
సదానందం

తా.క.: సైటులో అసలు పేజీ నంబర్లే ఉండవట. పట్టుబట్టి నేనే వేయించాను.

*

చెన్నూరు

అన్నా, ఆదాబ్.

ఎర్రక్షరాలు చూశాను. జిల్లా అంతా చూసింది. వాటి మీద వేలు తగిలితే చాలు, నాకే ఫోన్ వస్తోంది. రాయమల్లు నంబరు వెయ్యడం మీరు మరిచారు. ఇప్పుడు ఆసిఫాబాద్ నుంచి కూడా నన్నే మిషన్ తెమ్మంటున్నారు.

నిన్న రాయమల్లు కొట్లాటకు వచ్చాడు. "నా గిరాకంత నీకు వోతుంటే నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఖాజాబీ చాయ్ పోసి కూర్చోబెట్టింది. నేను సాయంత్రం అసర్ నమాజుకు పోయి వచ్చేసరికి నవ్వుకుంటూ వెళ్తున్నాడు. కానీ నాకు తిండి లేదు, నిద్ర లేదు. చేతులు జోడిస్తున్నాను, నా నంబరు తీసేయండి.

చెవులు మోగుతున్న
మహమూద్

తా.క.: రాయమల్లు మిషన్ ఏ పొలంలో ఉందో ఆయన ఇంటివాళ్లకంటే ముందు ఖాజాబీ చెబుతోంది. ఎట్లా తెలుసని అడిగే ధైర్యం చేయలేదు.

*

కరీంనగర్

మహమూద్ భాయ్,

నీ బాధ చూడలేక పంతం వదిలాను. అలేఖ్యను పిలిచి పట్టిక తీయించి, రాయమల్లు నంబరు వేయించాను. నిమిషం కూడా పట్టలేదు. ఒక్క అక్షరం దిద్దడానికి ఏడాది ఆగిన మనిషిని, ఇన్నేళ్లు నేను చేసిందేమిటి భాయ్?

ఇంకో సంగతీ చెప్పింది. సైటుకొచ్చినవాళ్లు దాదాపు అందరూ ఆ తప్పొప్పుల పట్టిక ఒక్కటే చూసి పోయారట. నేను రాసినవాటిలో జనం ఎగబడి చదివింది నా తప్పునే. ఇప్పుడు అదీ లేదు. నెలాఖరుకు సైటు మూసేస్తాను. నీ పొట్ట కొట్టి నేను కట్టిన మేడ ఇంతే. మన్నించు.

ఉన్న వ్యాపారం, లేని వ్యాపారం రెండూ పోగొట్టుకున్న
సదానందం

తా.క.: నా ముందుమాటను ఒకరు పదకొండుసార్లు తెరిచారట. అది నేనే.

*

చెన్నూరు

అన్నా, ఎంత పని చేశారు.

నిన్నటి నుంచి ఫోన్ మోగడం లేదు. ఖాజాబీ అన్నం ముట్టలేదు. అప్పుడుగానీ అసలు సంగతి నాకు చెప్పలేదు.

మిషన్ నడిపేటప్పుడు రాయమల్లుకు ఫోన్ వినపడదు. అందుకని ఆ రోజు చాయ్ దగ్గరే ఇద్దరూ మాట్లాడుకున్నారట. ఫోన్లు ఈమె ఎత్తాలి, ఏ ఊరికి ముందు పోవాలో చెప్పాలి, ఎకరానికి ఇంతని ఆయన ఇవ్వాలి. మిగతా మిషన్లవాళ్లూ చేరారు. అప్పటి నుంచి మా ఇల్లు దానితోనే నడుస్తోంది. నోటుబుక్కులు కదలకపోయినా ఎట్లాగో దుకాణమే నడిపిస్తోందనుకున్నాను నేను.

ఇంకొకటి. రైతులు ఆమెను బస్సుల వేళలు, పశువుల డాక్టరు కూడా అడుగుతున్నారట. మీ సైటు తెరిచి చదివి చెబుతోంది. చదివే ఓపిక వాళ్లకు లేదు, అడిగే ఓపిక ఉంది. మీ అక్షరం ఎవరూ చూడలేదని బాధపడకండి, మా ఇంట్లో రోజంతా వినపడుతోంది.

ఇప్పుడు ఫోన్లన్నీ రాయమల్లుకు పోతున్నాయి, ఆయనకు వినపడవు. పొద్దున వచ్చి, "మిషన్ నడుపాల్నా, ఫోన్ ఎత్తాల్నా? గా సారుకు రాసి నా నంబర్ తీసెయ్యమను" అన్నాడు.

సైటు మూయకండి. కరీంనగర్ దిక్కు ఫోన్లు మీరు ఎత్తండి, మన ఇద్దరి ఇళ్లూ నడుస్తాయి. ఇన్నేళ్లు మీరు ఒప్పు వేస్తే ఇద్దరం దివాలా తీశాం. దయచేసి ఆ తప్పు మళ్లీ వేయండి.

మీ
మహమూద్

తా.క.: ఖాజాబీ చెప్పమంది. ఈసారి ప్రూఫు మీరు చూడొద్దట, అలేఖ్యకే వదిలేయాలట. తప్పు నంబరులో తప్పు పడితే మేం బతకలేం.