రెండు రాత్రులకు ఒకే ఆకాశం

ఫిబ్రవరి 3

థీసిస్ ఇచ్చేశాను. వైవా ఇరవై నాలుగున.

ఒక గుంపులోని నక్షత్రాలన్నీ ఒకే వాయుమేఘంలోంచి పుడతాయి. అన్నిట్లోనూ అవే మూలకాలు, అవే పాళ్ళు ఉండాలి. నా గుంపులో మాత్రం పదకొండింట్లో సోడియం ఎక్కువ. మూడేళ్ళు పడ్డ కష్టమంతా ఆ ఒక్క మాటే. గైడుగారు దాన్ని కాన్ఫరెన్సుల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకొచ్చారు. మా జూనియర్, మేం పొట్టి అని పిలిచే పిల్ల, తన పీహెచ్‌డీని ఆ పదకొండింటి మీదే మొదలుపెట్టింది.

భయంగా ఉంది. వైవా ముందు అందరికీ అంతేనని అక్క అంటోంది.

ఫిబ్రవరి 9

అక్క కొడుకు మొదటి పుట్టినరోజు. కేకు వదిలేసి కత్తి కోసం ఏడ్చాడు. బావ వచ్చినవాళ్ళందరికీ పాత కథే చెప్పాడు. వీడు పుట్టిన రాత్రి ఊరంతా కరెంటు పోయిందని, తెల్లారేదాకా రాలేదని, లిఫ్టు ఆగిపోతే అక్కను ఐదంతస్తులు చేతుల మీద దించానని. రెండంతస్తులేనని అక్క దిద్దింది. అప్పుడు మరదలెక్కడుందని ఎవరో అడిగారు. కొండెక్కి చుక్కలు లెక్కపెట్టుకుంటోందన్నాడు బావ.

నేనూ నవ్వాను. సగంలో ఆగిపోయింది నవ్వు.

అదే రోజు, సాయంత్రం ఆరు గంటలకు

టెలిస్కోపు దగ్గర నాకిచ్చినవి వరసగా రెండే రాత్రులు. వాటిలో మొదటిది ఆ రాత్రే. కొండమీద జనరేటరుంది, మేం కూర్చునే గదికి కిటికీల్లేవు. ఊళ్ళో దీపాలు ఆరాయని ఎవరికి తెలుసు? ఆకాశం ఇంత నల్లగా ఎప్పుడూ లేదని మురిసిపోయాను. ఎందుకని మాత్రం అడగలేదు.

మా ఊరి వీధి దీపాలు సోడియం దీపాలు, ఆ పసుపువి. వాటి వెలుగు కూడా టెలిస్కోపులో పడుతుంది. అందుకే పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని కొలిచి, నక్షత్రం వెలుగులోంచి దాన్ని తీసేస్తాం. మొదటి రాత్రి ఆకాశాన్ని కొలిచే ఫైబర్లు, అంటే వెలుగును మోసుకొచ్చే గాజు తీగలు, మొరాయించాయి. రెండో రాత్రి ఆకాశాన్నే రెండింటికీ వాడాను. మా ల్యాబులో అందరూ చేసేదే.

అంటే దీపాల్లేని రాత్రిలోంచి దీపాల వెలుగు తీసేశాను. లేనిదాన్ని తీసేస్తే, రంగులుగా విడదీసిన నక్షత్రం వెలుగులో ఆ పసుపు దగ్గర గుంట పడుతుంది. కాంతి తక్కువున్న నక్షత్రాల్లో ఆ గుంట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సోడియం ఎక్కువున్న నక్షత్రంలోనూ సరిగ్గా అక్కడే గుంట ఉంటుంది.

జాబితా తీసి చూశాను, నా పదకొండూ కాంతి తక్కువున్నవే.

ఫిబ్రవరి 11

గుంపులోని ఒక్కో నక్షత్రాన్ని ఒక్క రాత్రే చూశాను. అయినా తేల్చుకునే దారి ఒకటుంది. మా గుంపుకు చెందని పరాయి నక్షత్రమొకటి రెండు రాత్రుల్లోనూ ఫ్రేములో పడింది. ఒక్క రోజులో నక్షత్రం మారదు. రెండు రాత్రులూ ఒకేలా కనిపిస్తే బతికిపోయినట్టే.

ఫైలు తెరవలేదు. టీ తాగాను. మళ్ళీ టీ తాగాను.

ఫిబ్రవరి 12

మొదటి రాత్రి దానికీ సోడియం ఎక్కువే, రెండో రాత్రి మామూలే.

ఫిబ్రవరి 15

గైడుగారికి చెప్పాను. అరుస్తారనుకున్నాను. లేచి తలుపు వేసొచ్చారు. ఆ నక్షత్రం మన గుంపుది కాదు, థీసిస్‌లో లేదు, ఎవరడుగుతారమ్మా అన్నారు. కొరివితో తల గోక్కోవద్దన్నారు. ముందు డిగ్రీ చేతికి రానిమ్మని, తర్వాత నెమ్మదిగా ఒక చిన్న పేపర్లో సరిదిద్దుకుందామని అన్నారు. పొట్టికి ఇప్పుడే చెప్పొద్దన్నారు.

ఆయన ధైర్యంగా ఉంటారనుకునే వెళ్ళాను.

ఫిబ్రవరి 18

పొట్టికి టెలిస్కోపు దొరికింది. మూడు రాత్రులు, నా పదకొండింటి కోసం. చాక్లెట్ తెచ్చి నా నోట్లో పెట్టింది. అంతా నీ పుణ్యమే అక్కా అంది. మింగలేను, కక్కలేను.

ఫిబ్రవరి 23

తిండి సయించడం లేదు. అక్క నిలదీస్తే మొత్తం చెప్పేశాను. నా ఫెలోషిప్ ఈ నెలతో సరి అనీ చెప్పాను. అక్క పిల్లాడి బట్టలన్నీ మడతపెట్టింది. చెబితే నువ్వొక్కదానివే మునుగుతావు, చెప్పకపోతే ఆ పిల్లనీ ముంచుతావు అంది. మునిగితే ఈ ఇల్లుంది, అన్నం పెడతాను అంది.

అయినా భయం పోలేదు.

ఫిబ్రవరి 24

మొదటి స్లైడులోనే పరాయి నక్షత్రాన్ని పెట్టాను. గైడుగారు నేల చూస్తూ కూర్చున్నారు. పొట్టి మధ్యలో లేచి వెళ్ళిపోయింది. ఎగ్జామినర్ రెండు గంటలు అడిగి, డిగ్రీ ఇప్పుడు ఇవ్వలేనన్నాడు. మొత్తం మళ్ళీ చెయ్యమన్నాడు.

బావ స్కూటరు మీద తీసుకొచ్చాడు. దారంతా ఒక్క జోకూ వెయ్యలేదు.

మార్చి 5

పొట్టి వచ్చింది. తిట్టడానికనుకున్నాను. నా పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. పదకొండింట్లో మొదటి రాత్రివన్నీ కొట్టేసింది. ఒక్కటి మిగిలింది. అది రెండో రాత్రిది, దీపాలు వెలిగిన రాత్రిది.

సాయంత్రం దాకా ఇద్దరం దాంట్లో తప్పు వెతికాం. ఆకాశం లెక్క సరిగ్గానే ఉంది. అది గుంపులోదే. సోడియం ఎక్కువే.

ఎందుకలా ఉందక్కా అని అడిగింది. తెలియదన్నాను.

తప్పు దొరకడం లేదు. ఇంకా భయంగా ఉంది.